కంటకశోధనము

డిగ్రీ మొదటి సంవత్సరము విద్యార్థులకు లేఖారచన బోధించుట నా పనులలో నొకటి. ఏటేట ఒక అర్జీ వ్రాయింతును. దానికి విషయమును వెదకుకొన నక్కరలేదు. కళాశాల ప్రహరీ ననుసరించి పోవు మురుగుకాలువయే విషయమును సమకూర్చి పెట్టుచుండును. "మా వీధిలో మురుగు నిలిచి దోమలు ప్రబలినవి. తగు చర్య గైకొనవలసినదిగా పురపాలక సంఘాధికారిగారికి అర్జీ వ్రాయుడు." ఇదియే ప్రశ్న. ఒక పర్యాయము వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, న్యూసెన్సుకు తెలుగేమిటండీ?" అని యడిగెను.

చిన్న ప్రశ్నయే. కాని నేను తడబడితిని. ఉపద్రవ మంటిని. ఆ మాట వినగానే వరదయో భూకంపమో కన్నులకు గట్టును. బాధ యందమన్నచో పంటినొప్పియు బాధయే. పీడ యన్నచో శనిగ్రహము జ్ఞప్తికి వచ్చును. పొరుగువాని పొగగొట్టము, దారికడ్డముగా పోసిన ఇసుక, గుమ్మము ముందు నిలిచిన మురుగు, ఇవి ప్రాణము తీయునవి కావు. ప్రతిదినము ప్రాణము విసిగించునవి. అట్టి దానికి మన భాషలో సరిపడు మాట యేది? మన జనము ఈ చిక్కును ఏనాడో తీర్చుకొన్నారు. ఆంగ్లపదమునే పుచ్చుకొని "ఏమిటీ న్యూసెన్సు!" అని నిశ్చింతగా వాడుకొనుచున్నారు. గంట కొట్టిరి. విద్యార్థులు వెళ్ళిపోయిరి గాని ప్రశ్న నా వెంట ఇంటికి వచ్చినది.

ఆ రాత్రి అర్థశాస్త్రము తీసితిని. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున శ్యామశాస్త్రిగారి చేతికి ఈ గ్రంథపు తాళపత్రప్రతి చిక్కి, 1909లో అచ్చుపడిన సంగతి ఉపాధ్యాయు లెరిగినదే. దాని రచనాకాలమును గూర్చి పండితు లింకను వాదించుచునే యున్నారు. అందు నాలుగవ అధికరణమునకు కంటకశోధనమని పేరు. కంటక మనగా ముల్లు. రాజ్యమున గ్రుచ్చుకొన్న ముండ్లను ఏరివేయుట యని భావము. అక్కడ చెప్పిన ముండ్లు వేరు: దొంగతూకముల వర్తకులు, మోసము చేయు పనివారు, ప్రజల సొమ్ము తిను ఉద్యోగులు. అయినను మాట నాకు నచ్చినది. ముల్లు చిన్నది, చంపదు. అడుగు వేసినప్పుడెల్ల తానున్నానని చెప్పును. వీధిలోని మురుగును అట్టిదే గదా!

వీధికి, ఇంటికి సంబంధించిన అసలు నిబంధనలు ఆ గ్రంథమున రెండవ, మూడవ అధికరణములలో కలవు. ఇంటికిని ఇంటికిని నడుమ సందు విడువవలెను. వెలుతురు కొరకు పెట్టు కిటికీ చిన్నదై, ఎత్తున ఉండవలెను. పెంటకుప్పయు, నీటిదారియు, బావియు ఎవరికి విహితమైన చోట వారు ఏర్పరచుకొనవలెనే గాని పొరుగువానికి ఇబ్బంది కలిగింపరాదు. దీనికి ఒక్క మినహాయింపు: బాలింత కొరకు త్రవ్విన గోతిని పదిదినముల వరకు ఎవరును ప్రశ్నింపరాదు. ఇండ్ల హద్దులను, దండనములను లెక్కించుచున్న శాస్త్రకారునికి ఆ నడుమ ప్రక్కయింటి బాలింత జ్ఞప్తికి వచ్చినది. కౌటిల్యుని కఠినుడని తలచువారు ఈ పంక్తిని చూడవలెను.

ఇక జరిమానాలు. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో 8వ వంతు. బురదనీరు నిలువజేసినవానికి 4వ వంతు. అదియే రాజమార్గమైనచో రెట్టింపు. చచ్చిన పిల్లినో, కుక్కనో, ముంగిసనో, పామునో నగరములో పడవేసినచో 3 పణములు, గాడిద, ఒంటె, గుర్రము, పశువు మొదలైనవైనచో 6, మనుష్యశవమైనచో 50. పుణ్యస్థలముల వద్ద, నీటితావుల వద్ద, దేవాలయముల వద్ద మలవిసర్జనము చేసినవానికి ఒక పణము మొదలుకొని దండనము. కాని ఆ వెంటనే మరియొక మినహాయింపు కలదు: ఔషధము వలన గాని, వ్యాధి వలన గాని, భయము వలన గాని అట్లు చేసినవాడు దండ్యుడు కాడు. పాఠకు లీ మినహాయింపును జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దీనితో మరల పనియున్నది.

ఈ జరిమానాలన్నియు చెత్త పోసిన పౌరుని తలపై పడునవి. అది న్యాయమే. మరి కాలువ త్రవ్వింపవలసినవారే త్రవ్వింపకున్నచో? ఊడ్పింపవలసినవారే ఊడ్పింపకున్నచో? ముల్లు తీయుటకు నియమింపబడినవాడే ముల్లైనచో దానిని తీయువాడెవడు? స్వతంత్ర భారతమున ఒక చిన్న పట్టణపు వీధివారు ఈ ప్రశ్నను సర్వోన్నత న్యాయస్థానము వరకు తీసికొనిపోయి సమాధానము రాబట్టిరి.

ఆ పట్టణము రత్లాం. మధ్యప్రదేశమున, మాళవభూమిలో, ఢిల్లీ నుండి ముంబయి పోవు రైలుదారిలో పెద్ద కూడలి. అచట 12వ వార్డులో న్యూరోడ్డు అను వీధి కలదు. ఆనాడు అక్కడ ఒక వంక కలిగినవారి మేడలు. మరియొక వంక లేనివారి బ్రదుకులు. మేడలవారికి మరుగుదొడ్లుండెను. పేదలకు లేవు, పురపాలక సంఘము వారికొరకు కట్టించినదియు లేదు. కావున వీధిప్రక్కయే వారికి గతి అయ్యెను. సరియైన కాలువలు లేక మురుగు గుంటలలో నిలిచెను. ఇది చాలదన్నట్లు ఒక ఆల్కహాలు కర్మాగారము తన దుర్గంధజలమును వీధిలోనికే వదలుచుండెను. దోమల కింతకంటె కావలసిన దేమి? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెత మన వాడుకలో నున్నది. మరుగుదొడ్డి కట్టనిది తామే. వీధి పాడగుచున్నదని ముక్కు మూసికొనునదియు తామే.

వీధివారు సంఘమునకు మొరపెట్టుకొనిరి. ఫలితము శూన్యము. అప్పుడు వారు సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు నాశ్రయించిరి. క్రిమినల్ ప్రొసీజరు కోడులో 133వ సెక్షనని యొకటి యుండెను. బాటనుగాని కాలువనుగాని అడ్డగించు వస్తువులు, ప్రజారోగ్యమునకు హాని చేయు వృత్తివ్యాపారములు, కూలనున్న గోడలు, చెట్లు, కంచె లేని బావులు, గోతులు, ప్రమాదకరమైన జంతువులు, వీనిని గూర్చి పోలీసువారు నివేదించినను, మరియే విధముగ తెలిసినను, సాక్ష్యము తీసికొని, "ఇంత గడువులోపల దీనిని తొలగింపుము, లేదా వచ్చి కారణము చెప్పుము" అని ఆజ్ఞాపించుటకు మేజిస్ట్రేటునకు ఆ సెక్షను అధికారమిచ్చినది. సాధారణముగా ఇది వీధి నాక్రమించిన దుకాణదారుపై, పొగ వదలు బట్టీపై, పాడుగోడ యజమానిపై ప్రయోగింపబడు నాయుధము. రత్లాంవారు దానిని సాక్షాత్తు పురపాలక సంఘముపైననే యెక్కుపెట్టిరి.

సంఘము చెప్పుకొన్న సమాధానములలో ముఖ్యమైనవి రెండు. ఆ గృహస్థులు అక్కడి దుఃస్థితి నెరిగియే అక్కడ కాపురము పెట్టిరి. ఇప్పుడు ఫిర్యాదు చేయనేల యనునది ఒకటి. మావద్ద ధనము లేదనునది రెండవది. మొదటి వాదము చదివి నేను నవ్వుకొంటిని. తరువాత నవ్వు నిలిచిపోయినది. ఏలయన, మేము ఈ యింటికి వచ్చిన క్రొత్తలో, వాననీరు వీధినుండి వరండాలోనికి వచ్చుచున్నదని చెప్పబోయినప్పుడు ఒక కార్యాలయమున నాకు చెప్పిన సమాధానము అక్షరాల ఇదియే: "పల్లమని తెలిసే కదండీ కొన్నారు." ఆనాడు నేనే తప్పు చేసినవానివలె తలవంచుకొని తిరిగి వచ్చితిని.

మేజిస్ట్రేటు తలవంచలేదు. ఫిర్యాదు నిజమని తేల్చి, ఆరునెలలలోపల ఈ దుఃస్థితిని తొలగించు ప్రణాళిక సిద్ధము చేయవలసినదని సంఘము నాజ్ఞాపించెను. సెషన్సు న్యాయస్థానము ఆ యాజ్ఞను కొట్టివేసినది. హైకోర్టు దానిని తిరిగి నిలిపినది. సంఘము అంతటితో కాలువపని మొదలుపెట్టినదా? లేదు, సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. ధనము లేనివారికి ఢిల్లీ వరకు వ్యాజ్యము నడుపుటకు ధనమెట్లు వచ్చినదని సామాన్యునికి తోచును. న్యాయమూర్తులకును ఇంచుమించుగ ఆ సంగతియే తోచినది. వ్యాజ్యముపై చూపిన యుత్సాహములో సగము వీధిని శుభ్రపరచుటలో, ప్రజల శ్రమదానమును కూడగట్టుటలో చూపియుండినచో జనుల యవసరము చాలవరకు ఎప్పుడో తీరియుండెడిదని వారు తీర్పులో మందలించిరి.

1980 జూలై 29న వెలువడిన ఆ తీర్పును వ్రాసినవారు జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు. కేరళమున 1957లో ఏర్పడిన తొలి మంత్రివర్గములో మంత్రిగా పనిచేసిన అనుభవము ఆయనకు కలదు. సర్కారు ఖజానా మాట ఆయనకు క్రొత్త గాదు. ఆయన ఆంగ్లము సుప్రసిద్ధము. నిఘంటువు ప్రక్కన బెట్టుకొననిదే కొన్ని వాక్యములు లొంగవు; మన ప్రబంధకవులను చదివిన తెలుగువానికి మాత్ర మది యంత వింతగా దోపదు. ఆయనతో కూర్చున్న రెండవ న్యాయమూర్తి మనవారే: అనంతపురము జిల్లా గుత్తిలో 1922లో జన్మించిన ఓ. చిన్నపరెడ్డిగారు.

తీర్పులోని సారము నా మాటలలో చెప్పెదను. మధ్యప్రదేశ పురపాలక సంఘముల చట్టము, 1961, 123వ సెక్షను ప్రకారము వీధులు, కాలువలు శుభ్రముగా నుంచుట, మలినమును తొలగించుట సంఘమునకు విధి. విధి యన్నచో చేయవలసినది. వీలున్నప్పుడు చేయునది కాదు. ధనము లేదను సాకు ఈ విధినుండి విముక్తి కలిగింపదు. కలిగించినచో, దుబారాచేసి దివాలా తెచ్చుకొన్న ప్రతి సంఘమును ఆ దివాలానే చూపి తప్పించుకొనగలదు. మనుష్యుని మర్యాద బేరమాడదగిన వస్తువు కాదు. స్థానిక సంస్థల ధనముపై దానిదే తొలి హక్కు. ముఖ్యముగాని ఖర్చులు తగ్గించుకొని పారిశుద్ధ్యమునకు ధనము కూర్చుకొనవలెను.

ఇంతవరకు చెప్పి ఊరకొన్నచో అది మంచి ఉపన్యాసమై యుండెడిది. తీర్పు వీధిలోనికి దిగినది. కర్మాగారపు నీరు వీధిలోనికి రాకుండ సంఘమును, రాష్ట్రప్రభుత్వమును తక్షణమే చర్య తీసికొనవలెను. ఆరునెలలలోపల స్త్రీలకును పురుషులకును వేరువేరుగా తగినన్ని మరుగుదొడ్లు కట్టి, నీటి వసతి కల్పించి, ఉదయము సాయంకాలము శుభ్రపరచు నేర్పాటు చేయవలెను. గడువు ముగియగానే సంఘపు ఆరోగ్యాధికారి పని పూర్తియైనదని నివేదిక నీయవలెను. వానిని వాడుకొనుట, శుభ్రముగా నుంచుకొనుట స్థానికులకు నేర్పవలెను. దోమలు పెరుగకుండ మలేరియా నిర్మూలనశాఖ కా వార్డును గూర్చి ప్రత్యేకముగా ఉత్తరువు లీయవలెను. కాలువలు కట్టుటయేగాక మురుగుగుంటలను పూడ్చవలెను. ముందుగా పారిశుద్ధ్యముపై పెట్టిన ఖర్చు ఆసుపత్రి పద్దులో మిగులునని కూడ న్యాయమూర్తులు లెక్క చెప్పిరి. ఇవి జరుగనిచో బాధ్యులైన యుద్యోగులపై మేజిస్ట్రేటు అభియోగము తేవలెను. బుద్ధిపూర్వకముగా ఉల్లంఘించిరని తెలిసినచో న్యాయస్థాన ధిక్కారము క్రింద శిక్షించు విషయమును సర్వోన్నత న్యాయస్థానమే ఆలోచించును. మరుగుదొడ్డికి నీరు, ఊడ్చుటకు వేళ, నివేదికకు గడువు! దేశపు అత్యున్నత పీఠమునుండి ఇట్టి సంగతులు వెలువడుట కొందరికి చిన్నతనముగా దోపవచ్చును. నాకు మాత్రము ఇదియే ఆ తీర్పు గొప్పతనముగా దోచినది.

మరియొక సంగతి. న్యాయస్థానమున కెక్కినది ప్రధానముగా కలిగిన గృహస్థుల బాధ. ఆ బాధకు సులభమైన మందొకటి ఎల్లప్పుడును చేతికందునట్లుండును: పేదలను అక్కడనుండి వెళ్ళగొట్టుట. వీధిని పాడుచేయుచున్నది వారేగదా యను వాదము పైకి సహేతుకముగనే కనబడును. న్యాయమూర్తు లా త్రోవ త్రొక్కలేదు. ప్రకృతి పిలుపు ధనికుని దరిద్రుని ఎంచి రాదు. చోటు లేనివానికి సిగ్గు కూడ భోగవస్తువే యగునన్న భావమును వారు వెలిబుచ్చిరి. వీధిప్రక్క కూర్చున్నవాడు నేరస్థుడు కాడు, వానికి చోటు చూపనివారే బాధ్యులు. ఇందాక జ్ఞాపకముంచుకొనుమన్న మినహాయింపు ఇక్కడ పనికివచ్చును. ఔషధము, వ్యాధి, భయము అని కౌటిల్యుడు మూడు చెప్పెను. రత్లాం తీర్పు వాని సరసన నాలుగవదిగా పేదరికమును చేర్చినట్లు నాకు దోచుచున్నది.

ఆ కర్మాగారమును నివాసముల నడుమ ఎవరుండనిచ్చిరన్న ప్రశ్న వేరుగా మిగిలియున్నది. పట్టణములో ఏ భాగమున ఇండ్లు, ఏ భాగమున అంగళ్ళు, ఏ భాగమున యంత్రశాలలు ఉండవలెనో ముందుగ నిర్ణయించుకొనుటకే పట్టణ ప్రణాళికాచట్టములు పుట్టినవి. మదరాసు రాజధానిలో అట్టి చట్టము 1920లోనే వచ్చినది. రాజ్యాంగమునకు 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినప్పుడు, పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘముల కప్పగింపదగిన 18 విషయములను పేర్కొనిరి. పట్టణ ప్రణాళికయు, భూవినియోగ నియంత్రణమును అందు మొదటి రెండు. పారిశుద్ధ్యమును, మురికివాడల అభివృద్ధియు అందే కలవు. గీత కాగితముపై గీయుట సులభమే. గీతకు ఏ వంక ఎవరుందురన్నదే కష్టము.

ఆ కష్టము 1985లో బొంబాయి కాలిబాటల వ్యాజ్యమున బయటపడినది. కాలిబాటలపై కాపురమున్నవారిని నోటీసైనను లేకుండ తొలగించుటకు 1888 నాటి నగరపాలక చట్టములోని 314వ సెక్షను కమిషనరున కవకాశమిచ్చుచుండెను. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము (చిన్నపరెడ్డిగా రందును ఉండిరి) కాలిబాట నడచువారిదే, దానిపై ఇల్లు కట్టుకొను హక్కు ఎవరికిని లేదన్నది. కాని బ్రదుకుతెరువు కూడ జీవించు హక్కులో భాగమే. సాధారణముగా వారి మాట వినకుండ తొలగింపరాదు. వానకాలము గడచి ఒక నెల యగువరకు, అనగా 1985 అక్టోబరు 31 వరకు, ఎవరిని కదలింపరాదు అనియు జూలై 10 నాటి తీర్పున చెప్పినది. రత్లాంలో పేదవాని కది చేకూర్చిన మేలు పూర్తిది, బొంబాయిలో సగము. సగమునకు కారణ మా నగరపు ఇరుకో, న్యాయస్థానపు సందేహమో, ప్రాజ్ఞులు వేరువేరుగా చెప్పుదురు.

ఇప్పుడు ఆ 133వ సెక్షను పాత పేరుతో లేదు. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. అందు ఆ యధికారము 152వ సెక్షనున నిలిచియున్నది. ఆ చట్టపు పేరులోని నాగరిక్ అను పదము తెలుగు ఉపాధ్యాయుని నాకర్షింపక మానదు. అర్థశాస్త్రమున ఆ పేరు నగరాధికారిది; ప్రతిదినము నీటితావులను, బాటలను, ప్రాకారమును తనిఖీ చేయుట అతని పని. హిందీలో అది సామాన్య పౌరునిది. తెలుగున నాగరికు డన్నచో సంస్కారము గలవాడు. అధికారి, పౌరుడు, సంస్కారి, ముగ్గురును ఒక్క మాటలో కాపురమున్నారు. వీధిలో ముగ్గురును ఒకచోట కలిసిన దినములు అరుదు.

మరునాడు తరగతిలో కంటకమన్న మాట చెప్పితిని. ప్రశ్న వేసిన విద్యార్థి, "బాగుంది గాని మాస్టారూ, అర్జీలో కంటకమని రాస్తే వాళ్ళకి అర్థమవుతుందాండీ?" అనెను. నిజమే. న్యూసెన్సనియే వ్రాయుమంటిని. తరువాత రత్లాం కథ చెప్పితిని. అర్ధగంట పట్టినది. డబ్బు లేదన్న సమాధానము చెల్లలేదన్న చోట తరగతి కదలినది.

ఆ సాయంకాలము అర్జీలు దిద్దుచు కూర్చుంటిని. నలువది రెండు. అన్నింటను "తమరి దివ్యసముఖమునకు" అనియో, "దయయుంచి" అనియో, "ప్రాధేయపడుచున్నాము" అనియో కలదు. తప్పు వారిది గాదు. జమీందారుల కాలపు ఆ వరుస వారికి నేర్పినది నేనే, నాకు నేర్పినది మా మాస్టారు. ఎఱ్ఱసిరాతో ఆ మాటలను కొట్టివేసితిని. మురుగు ఏ ఇంటి నంబరు నుండి ఏ ఇంటి నంబరు వరకు నిలిచినది, ఏ తేదీనుండి నిలిచినది, ఎందరు పిల్లలకు జ్వరము వచ్చినది, ఏ చట్టము ప్రకార మిది సంఘపు విధి, ఇవి వ్రాసి తెమ్మంటిని. మూడుదినములు పట్టినది. ఇద్దరు విద్యార్థులు టేపు పట్టుకొని కాలువ కొలిచిరి.

వానిలో మెరుగైన దానిపై అందరు సంతకములు చేసి నిజముగనే పంపితిమి. కార్యాలయమువారు ఒక రసీదు సంఖ్య యిచ్చిరి. విద్యార్థులు ఆ సంఖ్యను, తేదీని నల్లబల్ల కుడివైపు మూలను వ్రాసి, క్రింద "తుడపరాదు" అని చేర్చిరి. నేను పాఠము చెప్పునప్పు డా మూలను విడిచి మిగిలిన బల్ల వాడుకొనుచున్నాను.